హైవే మీద టైరు ప్రెషర్ 32 నుంచి 36కి పెరిగితే గాలి తీసేయాలా? పొద్దున 27 డిగ్రీలున్న టైరు ఎంత వేడెక్కిందో లెక్కేస్తే 30 డిగ్రీలే వచ్చిందేంటి?

తీయకండి. పొద్దున 32 పీఎస్‌ఐ (గాలి పీడనం కొలత) ఉన్నది, హైవే మీద నడిపాక 36 చూపించడం మామూలే. టైరు ఘనపరిమాణం దాదాపు మారదు కాబట్టి, లోపలి గాలి వేడెక్కితే పీడనమే పెరగాలి.

మీ లెక్కలో టైరు వేడి 30 డిగ్రీలే రావడానికి కారణం, 27 డిగ్రీలను నేరుగా 36/32తో గుణించారు. ఉష్ణోగ్రతను కెల్విన్‌లోకి మార్చాలి (సెల్సియస్ డిగ్రీలకు 273 కలపాలి, 27 అంటే 300). గేజ్ చూపించేది బయటి గాలి పీడనం కన్నా ఎంత ఎక్కువో మాత్రమే, అందుకే ఆ అంకెకు వాతావరణ పీడనం 14.7 కలపాలి, ఇది చాలామంది మర్చిపోతారు. అప్పుడు 300 × 50.7 ÷ 46.7, సుమారు 326 కెల్విన్. అంటే 53 డిగ్రీలు. ఎండాకాలం రోడ్డు మీద ఇదేం ఎక్కువ కాదండీ.

వేడి మీద గాలి తీస్తే, చల్లారాక 32 కన్నా కిందికి పడిపోతుంది. డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉండే అంకె చల్లటి టైరుకే.