సంకరాను చంపినవారికి శిక్ష పడిందా?

ప్రశ్న: పశ్చిమ ఆఫ్రికా దేశం బుర్కినా ఫాసో నాయకుడు థామస్ సంకరా హత్య మీద ఒక డాక్యుమెంటరీ చూశాను. ప్రాణమిత్రుడే చంపించాడని అందులో చెప్పారు. అది రుజువైందా? ఆయన నిజంగా అంత గొప్పవాడేనా? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కోర్టులో రుజువైందమ్మా. కాకపోతే అందుకు 34 ఏళ్లు దాటింది. 1987 అక్టోబరు 15న రాజధాని వాగదూగులో సహచరులతో సమావేశమై ఉండగా సైనికులు వచ్చి కాల్చేశారు. ఆయనతో కలిపి 13 మంది పోయారు. అప్పటికి ఆయనకు ఇంకా 38 నిండలేదు. హడావిడిగా పూడ్చిపెట్టి, తర్వాత మరణ ధ్రువపత్రంలో 'సహజ మరణం' అని రాశారు. నాకు ఆ తూటాలకన్నా ఈ కాగితం మీదే ఎక్కువ కోపం. ప్రాణం తీయడమే కాక, తీయలేదని ప్రభుత్వ ముద్ర వేసి మరీ చెప్పారు!

ఆ కాగితాన్ని ఒప్పుకోని మనిషి ఆయన భార్య మరియం. ఫిర్యాదుకున్న పదేళ్ల గడువు ఇంక కొద్ది రోజుల్లో ముగుస్తుందనగా, 1997లో కేసు వేసింది. అప్పుడు గద్దె మీద ఉన్నది ఎవరనుకున్నారు? ఆ మిత్రుడే, బ్లేజ్ కంపావొరే. 1983లో సంకరాను అధికారంలోకి తెచ్చిన సైనికులను నడిపించింది కూడా ఆయనే. స్వదేశంలో కోర్టులు తలుపులు మూసేస్తే ఆమె తరఫు న్యాయవాదులు ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ దాకా వెళ్లారు. 2014లో జనం తిరగబడి కంపావొరేను తరిమేశాకే ఫైలు కదిలింది. 2015లో సమాధి తవ్వితే ఎముకల మీద తూటాల గుర్తులు కనిపించాయి. 2022 ఏప్రిల్ 6న సైనిక న్యాయస్థానం కంపావొరేకు యావజ్జీవ శిక్ష వేసింది. ఆయన ఐవరీ కోస్ట్‌లో హాయిగా ఉన్నాడు. ఆ జులైలో వాగదూగు వచ్చినా ఎవరూ అరెస్టు చేయలేదు. తిరిగి వెళ్లిపోయాక, ఆ నెలాఖరులో దేశ ప్రజలకు, ముఖ్యంగా సంకరా కుటుంబానికి ఒక క్షమాపణ లేఖ పంపాడు. జైలుకు వెళ్లనివాడి క్షమాపణకు నేను విలువ ఇవ్వలేను.

ఇక రెండో ప్రశ్న. అధికారంలో ఉన్న నాలుగేళ్లలో సంకరా చేసిన పనులు చూస్తే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. 1984లో కొద్ది వారాల్లోనే సుమారు 25 లక్షల మంది పిల్లలకు టీకాలు వేయించాడు. మంత్రుల మెర్సిడెస్ కార్లు అమ్మించి, చిన్న రెనో 5 కార్లలో తిరగమన్నాడు. బలవంతపు పెళ్లిళ్లను నిషేధించాడు. అయితే ఇష్టమైన నాయకుడి మీద తీసిన చిత్రాలు తరచూ దాటేసే విషయాలు రెండున్నాయి. 1984లోనే కుట్ర ఆరోపణ మీద ఏడుగురిని కాల్చి చంపించారు. సమ్మె చేసిన ఉపాధ్యాయులను వెయ్యి మందికి పైగా ఉద్యోగాల నుంచి తీసేశారు. బడుల కోసం తపించిన ప్రభుత్వమే ఆ పని చేసింది. వీటిని కూడా తెలుసుకున్నాక ఆయన మీద మీకు ప్రేమ మిగిలితే, అది గట్టిదే.

ప్రశ్న: హత్య వెనుక ఫ్రాన్స్ ఉందంటారు. నిజమేనా? – ఒక విద్యార్థి, గుంటూరు

జవాబు: ఒకప్పుడు ఆ దేశాన్ని ఏలింది ఫ్రాన్సే. అనుమానాలు బలంగానే ఉన్నాయి, తీర్పు మాత్రం లేదు. విచారణలో విదేశాల పాత్రకు సంబంధించిన భాగాన్ని విడదీసి పక్కన పెట్టారు. ఫ్రెంచి రహస్య పత్రాలు ఇస్తామని 2017లో ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రోన్ వాగదూగులోనే మాట ఇచ్చారు. కొన్ని వచ్చాయి. అన్నీ రాలేదన్నది బాధితుల పక్షం వాదన. హత్యకు మూడు నెలల ముందు, 1987 జులైలో, అడిస్ అబాబాలో ఆఫ్రికా దేశాధినేతల ముందు సంకరా ప్రసంగించాడు. ధనిక దేశాలకు ఉన్న పాత అప్పులు తీర్చవద్దనీ, అందరం కలిసి నిరాకరిద్దామనీ అన్నాడు. బుర్కినా ఒక్కటే నిరాకరిస్తే వచ్చే సమావేశానికి తాను ఉండనని కూడా అన్నాడు. సభలో నవ్వులు, చప్పట్లు. ఎవరి మీదో వేలు చూపేముందు ఆ ప్రసంగం మొత్తం వినండి. ఆయన బతికి ఉంటే ఎవరెవరికి ఇబ్బందో అందులోనే తెలుస్తుంది. ఫ్రాన్స్ ఒక్కటే కాదు, ఆ సభలో కూర్చున్న ఆఫ్రికా పాలకులు కూడా.