వంగ వేళ్ళకి బుడిపెలు: అసలు పని నాటకముందే

తమ్ముడూ, గుణుపురం దగ్గర వంశధార ఒడ్డు ఇసుక నేలలో వంగ మధ్యాహ్నం వాడిపోయి సాయంత్రానికి తేరుకుంటోందని, పీకి చూస్తే వేళ్ళకి బుడిపెలున్నాయని రాశావు కదా, అది వేరుబుడిపె నెమటోడే, అంటే వేళ్ళలో దూరే, కంటికి కనపడనంత సన్నని పురుగు. వేరుశనగ బుడిపెల్లా గోటితో గీరితే రాలవు, వేరే ఉబ్బిపోయి ఉంటుంది.

ముందే చెబుతున్నా, బుడిపెలు పట్టిన మొక్కని ఏ మందూ పూర్తిగా బాగుచెయ్యలేదు. పర్లాకిమిడిలో మేమూ ఒక ఏడాది గుళికలు వేసి డబ్బు పోగొట్టుకున్నాం.

ఈసారి కిలో విత్తనానికి 10 గ్రాముల సూడోమోనాస్ (మేలు చేసే బాక్టీరియా పొడి) పట్టించు. 2 కిలోల ట్రైకోడెర్మాని (మేలు చేసే బూజు పొడి) 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, నీళ్ళు చిలకరించి, నీడలో గోనె కప్పి ఉంచితే వారం పది రోజుల్లో ఆకుపచ్చ బూజు పడుతుంది, అప్పుడు ఆఖరి దుక్కిలో వెయ్యి. ఇవి పురుగుని దెబ్బకొట్టడమే కాదు, దొంగ వస్తున్నాడని వేరుకి ముందే చెప్పినట్టు చేస్తాయి. మొక్క తనని కాపాడుకునే సంకేతాలైన సాలిసిలిక్, జాస్మోనిక్ ఆమ్లాల ఏర్పాటుని సిద్ధంగా పెట్టుకుని, పురుగు దూరగానే తొందరగా ఎదురుతిరుగుతుంది. టీకా లాంటిదే, కాకపోతే పూర్తి కాపలా కాదు.

టమాటాకి మారదామనుకుంటే ఈ పురుగుని తట్టుకునే ఎంఐ (Mi) జన్యువున్న రకం అడుగు, కానీ నేల వేడి 28 డిగ్రీలు దాటితే దాని బలం తగ్గుతుంది, మన ఏప్రిల్ ఎండలకి దాన్ని నమ్ముకోకు. దానికన్నా నేలలో ఈ పురుగు తగ్గడానికి ఒక పంటకాలం ఒత్తుగా బంతి వెయ్యడం నయం.

పీకిన మొక్కల్ని మాత్రం గట్టు మీద పారెయ్యకు, ఎండబెట్టి కాల్చెయ్యి.