సందేహాలు – సమాధానాలు: ఫోన్‌కు హార్డ్ డిస్క్

ప్రశ్న: ఓటీజీ కేబుల్‌తో ఫోన్‌కు పెన్‌డ్రైవ్ పెడితే వెంటనే తెరుచుకుంటోంది. అదే కేబుల్‌కు 1 టీబీ పోర్టబుల్ హార్డ్ డిస్క్ పెడితే లైటు వెలుగుతుంది, టిక్ టిక్‌మంటుంది, ఆగిపోతుంది. కంప్యూటర్‌కు పెడితే బాగానే పనిచేస్తోంది. లోపం ఎక్కడ?

జవాబు: కంప్యూటర్‌లో పనిచేస్తోందంటే డిస్క్‌ను అనుమానించక్కర్లేదు. ఫోన్ నుంచి దానికి కరెంటు చాలడం లేదు. డిస్క్‌లోని మోటారు ఆగి ఉన్న స్థితి నుంచి వేగం అందుకునే ఆ కొద్ది సెకన్లలో 5 వోల్టుల దగ్గర ఇంచుమించు 1 ఆంపియర్ లాగుతుంది. వేగం అందుకున్నాక అంత అక్కర్లేదు. యూఎస్‌బీ 2.0 పోర్టు లెక్క 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 లెక్క 900. బ్యాటరీ మీద నడిచే ఫోన్లలో చాలావాటికి ఆ మాత్రం ఇవ్వడం కూడా కష్టమే. మోటారు తిరగబోయి ఆగిపోతుంది, డేటాను చదివే, రాసే హెడ్డు మళ్లీ మొదటి చోటికి వెళ్లిపోతుంది. మీరు వింటున్న చప్పుడు అదే. చూద్దాంలే అని పదే పదే పెట్టి తీయకండి, హెడ్డుకు మంచిది కాదు.

సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ కొనండి. అడాప్టర్ మీద 5 వోల్టులు, కనీసం 2 ఆంపియర్లు అని ఉండాలి. ముందు హబ్‌కు కరెంటు ఇచ్చి, డిస్క్‌ను దానికి తగిలించి, తిరుగుడు నిలకడగా వినిపించాక హబ్ వైరును ఫోన్‌కు పెట్టండి. టైప్-సీ ఫోన్ అయితే, చార్జర్ పెట్టుకునే పీడీ పోర్టు ఉన్న హబ్ ఇంకా మేలు, ఫోన్ కూడా చార్జ్ అవుతుంది. అయితే కాపీ జరుగుతుండగా చార్జర్ పెట్టడం, పీకడం చేయకూడదు. ఎవరు ఎవరికి కరెంటు ఇవ్వాలో ఫోనూ హబ్బూ తేల్చుకునే ఆ క్షణంలో డిస్క్‌తో కనెక్షన్ తెగిపోవచ్చు, ఫైలు సగంలో ఆగిపోతుంది.

రెండు తలల వై-కేబుల్ ఉంటే ఒక తల ఓటీజీకి, రెండోది పవర్ బ్యాంకుకు పెట్టినా సరిపోతుంది. 3.5 అంగుళాల పెద్ద డిస్క్‌లు 12 వోల్టుల సొంత అడాప్టర్‌తోనే వస్తాయి కాబట్టి వాటికి ఈ బాధ లేదు. ప్రయాణాల్లో వాడుకోవడానికే అయితే మాత్రం ఈ తంటాలన్నీ ఎందుకు, సాటా రకం ఎస్‌ఎస్‌డీ (చిప్‌లలో డేటా దాచే డ్రైవ్) తీసుకోండి. తిరిగే మోటారు లేదు కాబట్టి సాధారణంగా నేరుగా పనిచేస్తుంది. ఎస్‌ఎస్‌డీల్లోనే ఎన్‌వీఎంఈ రకం వేగంగా ఉంటుంది కానీ కరెంటు ఎక్కువ తాగుతుంది, వేడెక్కుతుంది.

ప్రశ్న: డిస్క్ తిరుగుతోంది కానీ, ‘ఈ డ్రైవ్‌ను సెటప్ చేయండి’ అని ఫోన్ అడుగుతోంది. నొక్కవచ్చా?

జవాబు: నొక్కకండి. ఆ దారి ఫార్మాట్‌కు వెళ్తుంది, డిస్క్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. డిస్క్‌లో ఫైళ్ల అమరిక ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే పద్ధతిలో ఉండి ఉంటుంది. విండోస్ కంప్యూటర్లకు అలవాటైన ఆ పద్ధతి చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకు అర్థం కాదు. డేటాను కంప్యూటర్‌లో వేరే చోటికి కాపీ చేసుకుని, అక్కడే డిస్క్‌ను ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో ఫార్మాట్ చేయండి. పాత ఫోన్ అయి ఎక్స్‌ఫ్యాట్ కూడా చదవకపోతే ఇక ఫ్యాట్32 గతి. అందులో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు, పొడవాటి వీడియోలు అక్కడే చిక్కుకుంటాయి. ఐఫోన్, ఐప్యాడ్‌లలో 2019 నాటి 13వ వెర్షన్ నుంచి ఫైల్స్ యాప్‌లో డిస్క్ కనిపిస్తుంది. వాటికీ ఎక్స్‌ఫ్యాటే అనువు.

ప్రశ్న: ఎక్స్‌టర్నల్ డీవీడీ డ్రైవ్ పెట్టి పాత డిస్క్‌లు ఫోన్‌లో చూడవచ్చా?

జవాబు: కరెంటు ఇబ్బంది దీనికీ ఉంది. అది తీరినా, డీవీడీలోని ఫైళ్ల పద్ధతిని ఆండ్రాయిడ్ సాధారణంగా తనంతట తాను తెరవదు, ప్రత్యేక యాప్ కావాలి. కంప్యూటర్‌లో ఫైళ్లుగా మార్చి పెన్‌డ్రైవ్‌లో వేసుకోవడమే సుఖం.

ప్రశ్న: ఎస్‌ఎస్‌డీ కొన్నా 60 జీబీ కాపీకి అరగంట పడుతోంది. పైగా కాసేపు వాడకపోతే డ్రైవ్ మాయమవుతోంది.

జవాబు: కేబుల్ మార్చి చూడండి. చార్జర్‌తో వచ్చే టైప్-సీ కేబుళ్లు ఎక్కువగా యూఎస్‌బీ 2.0 రకం. పేరుకు సెకనుకు 480 మెగాబిట్లు, చేతికందేది 35–40 మెగాబైట్లు. మీ అరగంట లెక్క సరిగ్గా దానికే సరిపోతోంది. 3.0 కేబుల్ పెట్టినా మారకపోతే ఫోన్ పోర్టే 2.0 అన్నమాట, అప్పుడు చేయగలిగిందేమీ లేదు.

మాయమవడం వేరే సంగతి. కొన్ని కంపెనీల ఫోన్లలో సెట్టింగ్స్‌లో ‘ఓటీజీ’ అనే మీట ఉంటుంది. 10 నిమిషాలు వాడకపోతే దానంతటదే ఆగిపోతుంది, మళ్లీ ఆన్ చేసుకోవాలి. తీసేటప్పుడు నోటిఫికేషన్‌లో ‘ఎజెక్ట్’ నొక్కి, తీసేయవచ్చని వచ్చాకే కేబుల్ పీకండి. ఎక్స్‌ఫ్యాట్‌కు జర్నల్ (చేయబోయే మార్పులను ముందే రాసిపెట్టుకునే చిట్టా) లేదు, రాత మధ్యలో తెగితే ఆ ఒక్క ఫైలే కాదు, ఫోల్డరంతా దెబ్బతినవచ్చు.