తాకట్టు షాపులో రీలోడింగ్ సెట్టు: 420 డాలర్లు పెట్టొచ్చా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటాం. నాకూ మా ఆవిడకూ గ్రీన్‌కార్డు వచ్చింది. వారాంతాల్లో షూటింగ్ రేంజ్‌కి వెళ్లడం అలవాటైంది. నెలకు 9 ఎంఎం పిస్టల్ రౌండ్లు (తూటాలు) 200, .308 రైఫిల్ రౌండ్లు 40 దాకా కాలుస్తాను. మొదటిది రౌండు పాతిక సెంట్లు, రెండోది పోటీల్లో వాడే మ్యాచ్ రకం కాబట్టి డాలరున్నర పడుతోంది. ఖాళీ తూటాలు ఇంట్లోనే తిరిగి నింపుకుంటే చాలా మిగులుతుందని మిత్రులంటున్నారు. దగ్గర్లోని తాకట్టు షాపులో తూటాలు నింపే ఆర్‌సీబీఎస్ కంపెనీ రాక్ చకర్ ప్రెస్ (చేత్తో నొక్కే యంత్రం), అందులో బిగించి తొడుగుకు ఆకారమిచ్చే 9 ఎంఎం, .308 డై సెట్లు, పౌడర్ (తుపాకీ మందు) కొలిచి పోసే పౌడర్ మెజర్, త్రాసు, తొడుగులు శుభ్రం చేసే టంబ్లర్, ఒక డబ్బా ఖాళీ ఇత్తడి తొడుగులు, సగం వాడిన పౌడర్ డబ్బా కలిపి 420 డాలర్లకు పెట్టారు. కొత్తవైతే 700 అవుతుందంటున్నాడు. మా ఆవిడేమో ఆ డబ్బు పాప కాలేజీ చదువు కోసం దాచే 529 ఖాతాలో వేయమంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: ఆ ధరకు వద్దండి. 275కి ఇస్తే, అదీ .308 కోసం మాత్రమే అయితే, తీసుకోండి.

మన ఊళ్లో తాకట్టు అంటే బంగారం. గ్రాము రేటు ఆ రోజు పేపర్లోనే ఉంటుంది, ఇద్దరికీ తెలుసు. ఈ ఇనుప సామానుకు అలాంటి రేటేమీ లేదు. షాపువాడు ఫోన్‌లో కొత్త ధర చూస్తాడు, కొంత తగ్గించి చీటీ అంటిస్తాడు, అంతే. అతను దాని మీద అప్పిచ్చింది చీటీ ధరలో చిన్న ముక్కే అయ్యుంటుంది, కాబట్టి బేరానికి చోటుంది. మీరు చూడాల్సింది కొత్త ధర కాదు, ఈబేలో అమ్ముడుపోయినవి అని విడిగా చూపించే ధరలు. అడిగే ధర ఎవరైనా ఎంతైనా రాసుకోవచ్చు. ప్రెస్ బరువైనది కాబట్టి ఆన్‌లైన్ ధరలో రవాణా ఖర్చు ఎంత కలిసిందో కూడా గమనించండి.

నా అంచనా ఇలా వేశాను. పనిచేసే స్థితిలో ఉన్న రాక్ చకర్‌కు 115, .308 డైలకు 30, పౌడర్ మెజర్‌కు 55, త్రాసుకు 50, టంబ్లర్‌కు 25. మొత్తం 275. 9 ఎంఎం డైలు కూడా కావాలంటే ఇంకో 30 కలపండి. తొడుగుల డబ్బాకు సున్నా వేశాను, ఎన్నిసార్లు కాల్చినవో ఎవరికీ తెలియదు కనుక. పౌడర్ డబ్బాకైతే సున్నా కూడా ఎక్కువే. మూత తీసిన డబ్బాలో ఉన్నది లేబుల్ మీది పౌడరే అని ఎవరు హామీ ఇస్తారు? ఉచితంగా ఇచ్చినా ఇంటికి తేకండి. ఎవరో నింపి సంచిలో పోసిన తూటాలు ఇచ్చినా అంతే. అవి పొదుపు కాదు, తుపాకీకీ చేతికీ ముప్పు.

కౌంటర్ దగ్గర కాసేపు ఆగి ఒక్కో వస్తువూ చూడండి. ప్రెస్ చట్రంలో పగులు ఉందేమో వెలుతురులో తిప్పి చూడండి. తొడుగును డైలోకి నెట్టే కడ్డీని (రామ్‌ను) పైకి లేపి అటూ ఇటూ కదిపితే లటలటలాడుతోందా? పైపై తుప్పు నూనెతో పోతుంది, దాన్ని చూపించి ధర తగ్గించుకోవడమే లాభం. డైల లోపలి గోడ మీద తుప్పు గుంటలుంటే మాత్రం ఆ సెట్టు వదిలేయండి, ప్రతి తొడుగునూ గీస్తుంది. రైఫిల్ సెట్టులో రెండు డైలు ఉండాలి, పిస్టల్ సెట్టులో సాధారణంగా మూడు. పెట్టె మీది పేరూ డైల మీద చెక్కిన పేరూ ఒకటేనా చూడండి, తాకట్టు షాపుల్లో పెట్టెలు మారిపోతుంటాయి. పాత ప్రైమర్‌ను (తూటా అడుగున ఉండి పౌడర్‌ను అంటించే చిన్న మూతను) నెట్టే సన్నని పిన్ను, ప్రైమర్ పెట్టే చిన్న చేయి తరచూ పోతుంటాయి. తొడుగు అడుగును పట్టి ఉంచే షెల్ హోల్డర్ కూడా అంతే. ఆర్‌సీబీఎస్‌లో .308కి 3వ నంబరు, 9 ఎంఎంకి 16వ నంబరు కావాలి, ఒకటి రెండోదానికి పనికిరాదు.

త్రాసును పరీక్షించడానికి జేబులో ఒక నికెల్ వేసుకెళ్లండి. అమెరికా అయిదు సెంట్ల నాణెం 5 గ్రాములు, అంటే పౌడర్ తూచే కొలతలో సుమారు 77 గ్రెయిన్లు. సున్నా దగ్గర నిలకడగా ఆగకపోతే, నాణెం పెట్టినప్పుడు ఆ అంకెకు దగ్గరగా రాకపోతే, లేదా పెట్టిన ప్రతిసారీ వేరే అంకె చూపిస్తే, త్రాసును లెక్కలోంచి తీసేయండి. పౌడర్ బరువులో ఉజ్జాయింపు పనికిరాదు.

సెట్టులో లేనివి కూడా ధరలో భాగమే. పొడవు కొలిచే కాలిపర్, ఏ తూటాకు ఎంత పౌడరో చెప్పే కొత్త లోడింగ్ మాన్యువల్, తప్పుగా నింపిన తూటా నుంచి బుల్లెట్‌ను (కొసన ఉండి ఎగిరే ముక్కను) లాగే బుల్లెట్ పుల్లర్, తొడుగు పొడవు కత్తిరించే ట్రిమ్మర్, షెల్ హోల్డర్, .308 తొడుగులు డైలో ఇరుక్కోకుండా రాసే లూబ్ కలిపి మరో 110 డాలర్లు పడతాయి. పైగా టెక్సాస్‌లో అమ్మకం పన్ను, స్థానిక వాటాతో కలిపి 8.25 శాతం దాకా ఉంటుంది, వాడిన వస్తువులకూ వర్తిస్తుంది. అంటే షాపువాడి 420 మీకు 565 అవుతుంది, నా 275 మీకు దాదాపు 408 అవుతుంది. ఇంకో కొలత కూడా మనసులో ఉంచుకోండి. లీ కంపెనీ సింగిల్ స్టేజ్ (ఒకసారికి ఒక్క పనే చేసే) ప్రెస్, పౌడర్ మెజర్, త్రాసు ఉన్న కొత్త కిట్ 200 డాలర్ల చుట్టుపక్కల దొరుకుతుంది. డైలు విడిగా కొనాలి. రాక్ చకర్ పోత ఇనుము కాబట్టి కాస్త ఎక్కువ పెట్టడం సబబే, రెట్టింపు పెట్టడం కాదు.

అసలు ప్రశ్న ఎంత మిగులుతుందన్నది. ప్రైమర్ 7 సెంట్లు, బుల్లెట్ 10, పౌడర్ 3 అనుకుంటే 9 ఎంఎం రౌండు 20 సెంట్లకు వస్తుంది. మీకు మిగిలేది 5 సెంట్లు, నెలకు 10 డాలర్లు. సింగిల్ స్టేజ్ ప్రెస్ మీద గంటకు 50, 60 రౌండ్ల కంటే రావు, 200 చేయాలంటే నాలుగు గంటలు కూర్చోవాలి. గంటకు రెండున్నర డాలర్ల కూలికి మీరు వెళ్తారా? .308 కథ వేరు. తొడుగు అరుగుదలతో సహా రౌండు 85 సెంట్లు అనుకుందాం, మిగిలేది 65 సెంట్లు, నెలకు 26 డాలర్లు. 2020కి ముందు వెయ్యి ప్రైమర్లు 30, 40 డాలర్లకు దొరికేవి, ఆ రోజుల పొదుపు కథలే మీ మిత్రులు ఇంకా చెబుతున్నారని నా అనుమానం. ఈ లెక్కన 408 డాలర్లు దాదాపు పదహారు నెలల్లో తిరిగొస్తాయి. చీటీ ధరకు కొంటే ఇరవై రెండు నెలలు.

అదీ మీరు కాల్చే సంఖ్య పెరగకపోతేనే. రీలోడింగ్ మొదలుపెట్టినవాళ్లు ఎక్కువ మంది ఖర్చు తగ్గించుకోరు, అదే ఖర్చుతో ఎక్కువ కాలుస్తారు. సరదాకైతే తప్పు లేదు, సరదా పద్దులోనే రాయండి. పొదుపు అనే మాట వాడాలంటే ఆ 26 డాలర్లు నెలనెలా దానంతటదే 529 ఖాతాలోకి వెళ్లేలా బ్యాంకులో ఏర్పాటు చేయండి. అప్పుడు మీ ఆవిడ మాటా నిలబడుతుంది.

కొన్న ఖర్చు రాబట్టడానికి మిత్రులకు తూటాలు చేసి అమ్మే ఆలోచన ఉంటే ఇక్కడే మానుకోండి. సొంత వాడకానికి నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మకానికి తయారు చేసే వ్యాపారానికి కావాలి. ఇంకోటి, మన ఇళ్లలో ఎప్పుడూ ఎవరో ఒకరు వీసా మీద ఉంటారు. హెచ్-1బీ, సందర్శకుల బీ-2 లాంటి వీసాలవాళ్ల దగ్గర తుపాకీగానీ మందుగుండుగానీ ఉండకూడదని ఫెడరల్ చట్టం, కొద్ది మినహాయింపులు తప్ప. ఆ చట్టం దృష్టిలో విడి ప్రైమర్లు, పౌడర్, బుల్లెట్లు, తొడుగులు కూడా మందుగుండే. ప్రెస్సూ డైలూ కావు. వేసవికి అమ్మానాన్నలు వచ్చినా, బావమరిది కొన్నాళ్లు ఉన్నా తుపాకులూ మందుగుండూ పెట్టిన చోటి తాళం మీ ఇద్దరి దగ్గరే ఉండాలి. సందేహం ఉంటే ఇమిగ్రేషన్ లాయరుకు ఒక గంట ఫీజు ఇవ్వండి, ఈ మొత్తం వ్యవహారంలో బేరమాడకూడని ఖర్చు అదొక్కటే.

షాపుకెళ్లాక, ఈ సెట్టు ఎన్నాళ్లుగా అరలో ఉందో అడగండి. 9 ఎంఎం డైలు, పౌడర్, తొడుగులు తీసి పక్కన పెట్టి, మిగిలినదానికి 220 నుంచి మొదలుపెట్టండి. విడదీయనంటే అన్నీ కలిపి 300 వరకు వెళ్లొచ్చు, 9 ఎంఎం డైలను తర్వాత అమ్ముకోవచ్చు, పౌడర్ మాత్రం అతని దగ్గరే వదిలేయండి. అతను 400 దగ్గరే ఆగితే మీ ఫోన్ నంబరు ఇచ్చి వచ్చేయండి.