ఎల్‌పీజీ స్కూటర్ ఎలా నడుస్తుంది? పెట్రోల్ కంటే మైలేజీ ఎందుకు తగ్గుతుంది?

ఇంజిన్ మామూలు పెట్రోల్ ఇంజినే. మారేది ఇంధనం అందే దారి. ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన ఎల్‌పీజీ ట్యాంకులో ఒత్తిడి వల్ల ద్రవంగా ఉంటుంది. రెగ్యులేటర్ ఆ ఒత్తిడిని తగ్గించగానే ఆవిరై, మిక్సర్‌లో గాలితో కలిసి ఇంజిన్‌లోకి వెళ్తుంది. ద్రవం ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. అందుకే ఒక్కోసారి రెగ్యులేటర్ మీద తెల్లగా మంచు పేరుకుంటుంది. మంచు కనిపించినంత మాత్రాన లీకేజీ అని కంగారుపడక్కర్లేదు. చలి దేశాల్లో బ్యూటేన్ ఎక్కువుంటే స్టార్టింగ్ ట్రబుల్ తప్పదు, అది సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది.

ఇక మైలేజీ. లీటరు ఎల్‌పీజీలో ఉండే శక్తి లీటరు పెట్రోల్‌లో ఉండే శక్తిలో సుమారు నాలుగింట మూడొంతులే, కాబట్టి లీటరుకు దూరం తగ్గుతుంది. ఆక్టేన్ (ఇంధనం వేళకు ముందే దానంతటదే మండిపోకుండా తట్టుకునే గుణం) మాత్రం ఎక్కువ, ఇంజిన్ నాకింగ్ లేకుండా, అంటే టకటకమని కొట్టుకోకుండా నడుస్తుంది, మసి కూడా తక్కువ.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను: వంటగ్యాస్ సిలిండర్ తగిలించుకోవద్దు. వాహనాల ట్యాంకులో 80 శాతం నిండగానే గ్యాస్ ఎక్కడం ఆగిపోతుంది, వేడికి ద్రవం వ్యాకోచించడానికి ఆ ఖాళీ కావాలి. పైగా ఎల్‌పీజీ గాలి కంటే బరువు. లీకైతే నేలమీదే పేరుకుంటుంది, కాబట్టి బండిని సెల్లార్‌లో పెట్టకండి.