రోమ్‌లో సాన్ జొవాన్ని దగ్గర మెట్రో మారడం పెద్దవాళ్లతో కష్టమా?

అత్తయ్యగారిని, మామయ్యగారిని తీసుకుని రోమ్ ప్రధాన రైల్వే స్టేషన్ టెర్మినీ నుంచి పిన్యేతో పేటకి వెళ్లాలి, మధ్యలో సాన్ జొవాన్నిలో మెట్రో మారాలంటే టెన్షన్‌గా ఉందని అడిగారు కదా. నేను రెండేళ్లు పిన్యేతోలోనే అద్దెకున్నాను. రోజూ అక్కడే మారేదాన్ని.

టెర్మినీలో ఆరెంజ్ రంగు 'ఏ' (A) లైన్‌లో, అనాన్యీనా వైపు వెళ్లే రైలు ఎక్కండి. మూడో స్టాపే సాన్ జొవాన్ని. అక్కడ ఆకుపచ్చ సి లైన్ బోర్డులు పట్టుకుని కిందికి దిగి, పంటానో వైపు రైలు ఎక్కితే రెండో స్టాప్ పిన్యేతో. 'ఏ' (A) లైన్‌లో రద్దీ ఎక్కువ, బ్యాగులు ముందుకు వేసుకోండి. టికెట్ చివరిదాకా దాచుకోండి.

సి లైన్ చాలా లోతులో ఉంటుంది. పైనున్న పాత రోమ్ పొరలు చెడకుండా సొరంగాన్ని వాటి కిందినుంచి తవ్వారు. మోకాళ్ల నొప్పులుంటే మెట్ల జోలికి పోకుండా లిఫ్ట్ ఎక్కడుందో ముందే అడగండి.

నా మాట విని అక్కడ ఓ అరగంట ఆగండి. 2018లో తెరిచిన ఈ సి లైన్ స్టేషన్‌లో, తవ్వకాల్లో దొరికిన వస్తువులు కొన్నిటిని అద్దాల వెనక పెట్టారు. కిందికి దిగుతుంటే గోడల మీద ఎన్ని మీటర్ల లోతో, అది ఏ కాలం నాటి పొరో రాసి ఉంటుంది. రెండు వేల ఏళ్ల కిందట అక్కడ ఒక పొలం ఉండేది. ఆ పొలానికి 35 మీటర్ల వెడల్పు, 70 మీటర్ల పొడవున నీళ్ల తొట్టి, దాదాపు 40 లక్షల లీటర్లు పట్టేది!

మా నాన్నది గుంటూరు వైపు వ్యవసాయం. ఇక్కడికి వచ్చినప్పుడు కొలోసియం దగ్గర పది నిమిషాల్లో అలసిపోయిన మనిషి, ఈ స్టేషన్‌లో మాత్రం కదలనేలేదు. ఇనుప పంగల కర్ర చూసి "ఇది మన గడ్డి తిరగేసేదే కదమ్మా" అన్నారు. పక్కనే నల్లబడిన పీచ్ పండు టెంకలున్నాయి. వాటి గీతలు ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. అంత నీళ్లు ఏ తోటకి పారించారో, ఎలా తోడారో అని నాన్న నన్ను ప్రశ్నలతో ముంచెత్తారు. సగానికి నా దగ్గర జవాబు లేదు, ఆ రాత్రంతా కూర్చుని చదివి మర్నాడు చెప్పాను.

అన్నట్టు, సి లైన్ రైలుకి డ్రైవర్ ఉండడు. పిల్లలుంటే మొదటి పెట్టెలో ముందు అద్దం దగ్గర నిలబెట్టండి, సొరంగమంతా కనిపిస్తుంది.