మాగిన సిగార్, మారిన రుచి

ప్రశ్న: మూడేళ్ల క్రితం మా బావగారు క్యూబా నుంచి తెచ్చిచ్చిన సిగార్లు అప్పట్లో గొంతు పట్టేసేంత ఘాటుగా ఉండేవి. అదే పెట్టెలోవి ఇప్పుడు కమ్మగా అనిపిస్తున్నాయి. మారింది సిగారా, నా నాలుకా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: రెండూ మారి ఉండవచ్చు, అయితే ఎక్కువగా మారింది సిగారే. పొగాకును కుప్పలుగా పేర్చి మాగబెట్టినప్పుడు పుట్టే అమోనియా, సిగార్ చుట్టిన తరువాత కూడా ఆకులో కొంత మిగిలి ఉంటుంది. ముక్కుపుటాలను మండించే ఆ వాసన నెలలు గడిచేకొద్దీ పోయి, ఆపైన ఏళ్ల తరబడి చేదు, వగరు నెమ్మదిగా తగ్గి, లోపలి ఆకుల రుచీ పైఆకు రుచీ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. కొత్త సిగార్ కొసను వెలిగించకుండానే వాసన చూస్తే ఈ తేడా మీకే తెలుస్తుంది. పొగ మెత్తబడినంత మాత్రాన నోటి క్యాన్సర్ ముప్పు మాత్రం తగ్గదు.

తేమ 65–70 శాతం, వేడి 20 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటేనే సిగార్ సరిగా మాగుతుంది. మీ ఊరి ఉక్కపోతలో బయట ఉంచితే బూజో, పొగాకు పురుగో పట్టే ప్రమాదముంది. పాతదల్లా మేలన్న మాటను నేను ఒప్పుకోను: తేలికపాటి సిగార్లు మరీ ఎక్కువ కాలం ఉంచితే సువాసన పోయి చప్పబడతాయి.

ఇక నాలుక సంగతి: అలవాటైనకొద్దీ ఘాటు తక్కువగా తోస్తుంది, వయసు పైబడేకొద్దీ వాసన పట్టే శక్తి తగ్గుతుంది, పొగ తాగడం దానిని మరింత మొద్దుబారుస్తుంది.